ఓడిన జట్టుకు మిగిలిన మూడు ఆటలు

పోయిన నెల ఒక ఆదివారం సాయంకాలం కూరల సంచీతో యింటికి వస్తుంటే, మా చాల్ మెట్లమీద ఏడెనిమిదిమంది కుర్రాళ్లు దారి యివ్వకుండా కూచుని వాదులాడుకుంటున్నారు. గొంతులు విని కొట్లాటే అనుకున్నాను. దగ్గరికి వచ్చాక తెలిసింది, అది బాస్కెట్‌బాల్ తగువు. మా గల్లీ కుర్రాళ్ల జట్టు యీ యేడు ఒక చిన్న లీగులో ఆడుతోంది. మొత్తం పది జట్లు, ఒక్కొక్క జట్టుకు తొమ్మిది ఆటలు. అప్పటికి ఆరు అయ్యాయి. మనవాళ్లు ఒకటి గెలిచారు, అయిదు ఓడారు. పైకి పోయే ఆశ లేదు. యిక మిగిలినవి మూడు. ఆ మూడింటినీ ఏం చేసుకోవాలన్నదే తగువు.

"పోయినా ఓడుడే, పోకున్నా ఓడుడే. యెందుకు పోవాలె తాతా?" అన్నాడొకడు.

"పెద్దోళ్లం అయిదుగురం దిగితే ఒక్కటన్న గెలుస్తం. యిజ్జత్ దక్కుతది" అన్నాడు జట్టు నాయకుడు.

"పోరగాండ్లను ఆడనియ్యాలె" అన్నాడు మూడోవాడు. వాడి తమ్ముడు కూడా ఆ పోరగాండ్లలో ఒకడు గనుక ఆ మాటకు వెంటనే అందరూ నవ్వారు.

నాలుగోవాడు ఫోనులో అమెరికా ఆటలు చూసేవాడు. "గక్కడైతే ఆఖర్న వున్నోళ్లు కావాలనే ఓడుతరు తాతా. ఓడితేనే మంచి ఆటగాడు దొరుకుతడు" అన్నాడు.

నేను సంచీ కింద పెట్టి ఆఖరి మెట్టుమీద కూచున్నాను. ఆ సంచీ యింటికి చేరేసరికి దీపాలు పెట్టారు, కొత్తిమీర వాడిపోయింది. దానికి నాకు పడిన చివాట్లు యిక్కడ రాయను. కాని ఆ నలుగురు చెప్పిన నాలుగు మాటలూ ఆ రాత్రంతా మనసులో తిరిగాయి. గెలిచే జట్టుకు ఏం చెయ్యాలో యెవరూ చెప్పనక్కరలేదు. ఓడిపోయిన జట్టుకే ఆలోచన కావాలి.

యింటింటికీ వెళ్లే మన సంఘం పత్రికలో యీ బంతాట గోల యెందుకని అడిగేవారు వుండవచ్చు. నాగ్‌పాడా పక్కన పుట్టి పెరిగినవారు మాత్రం అడగరు. 1891 డిసెంబరులో అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే వూళ్లో, వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు చలికాలంలో పిల్లల్ని నాలుగు గోడల మధ్య ఆడించడానికి పీచ్ పండ్ల బుట్టలు రెండు పైన కొట్టించి యీ ఆట పుట్టించాడు. అది మన వాకిట్లోకి యెలా వచ్చిందంటే, అమెరికన్ మరాఠీ మిషన్ తరఫున 1925లో బొంబాయి వచ్చిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ నాగ్‌పాడా నైబర్‌హుడ్ హౌస్ స్థాపించాడు. 1936లో టాటా వారి సమాజ సేవా విద్యాలయం, యీనాడు దేవనార్‌లో వున్న పెద్ద సంస్థ, మొదలైంది కూడా ఆ యింట్లోనే. పేటలో పిల్లలకు చదువు, వైద్యం, ఆట అన్నీ ఒక్కచోట దొరకాలని ఆయన వుద్దేశం. చదువు సంగతి యెలా వున్నా ఆట మాత్రం బాగా అంటుకుంది.

బచ్చూఖాన్ అనే గురువు యీ పేట పిల్లల్ని పట్టుకుని ఆటగాళ్లను చేశాడు. ఆయన పేరే మునిసిపల్ ఆటస్థలానికి వుంది. యిక్కడి అబ్బాస్ మున్తసిర్ భారత జట్టుకు నాయకుడై 1970లో అర్జున బహుమానం పొందాడు. నాగ్‌పాడా బాస్కెట్‌బాల్ అసోసియేషన్‌ను కుర్రాళ్లు పొడి అక్షరాల్లో ఎన్.బి.ఏ. అంటారు. అమెరికావారి పెద్ద లీగు పేరు కూడా అదే గదా! "మాది అసలు, వాళ్లది నకలు" అని వేళాకోళం.

ఆ ఆటస్థలాలు వున్నది చాళ్ల మధ్యనే. ఒక పక్క యిరానీ హోటలు, ఒక పక్క మసీదు, నాలుగడుగులు వేస్తే మన కామాటిపురా గల్లీలు. 18వ శతాబ్దం చివర్నుంచీ నిజాము రాజ్యపు పల్లెలు వదిలి వచ్చి, యీ వూరికి రాయి మోసి సున్నం కలిపి గోడలు లేపిన మన కామాటీల పేరే ఆ పేటకు నిలిచింది. ఆ గల్లీల కుర్రవాడికి క్రికెట్టుకు మైదానం లేదు. వున్నది 28 మీటర్ల పొడవూ 15 మీటర్ల వెడల్పూ గల సిమెంటు నేల. అందులో పదిమంది ఆడుతుంటే యిరవైమంది గట్టుమీద కాచుకుని వుంటారు. నేను చిన్నప్పటినుంచీ చూసింది అదే. పెద్దవాళ్లు అలిసి నీళ్లు తాగడానికి పోయినప్పుడు ఆ రెండు నిమిషాల్లో చిన్నవాళ్లు బంతి లాక్కుని వేసుకునేవాళ్లు. నాగ్‌పాడా ఆట అలా గట్టుమీదనుంచి లోపలికి దిగినదే. మా మెట్లమీద తగువుకు యీ సంగతితో సంబంధం వుంది గనుక రాస్తున్నాను.

యిక మొదటి కుర్రవాడి మాట: పోయినా ఓడుడే, పోకున్నా ఓడుడే.

యిది తప్పని నిబంధనల పుస్తకమే చెబుతోంది. ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్యవారి లెక్కలో గెలిచిన జట్టుకు 2 పాయింట్లు, ఓడిన జట్టుకు 1. సున్నా కాదు, 1. ఆట సమయం దాటిన 15 నిమిషాలలోగా అయిదుగురిని నిలబెట్టలేని జట్టుకు మాత్రమే సున్నా. పైగా 20-0 తో ఓడినట్టు రాసుకుంటారు. యింకో తమాషా వుంది. ఆడుతూ ఆడుతూ కొందరు దెబ్బలు తగిలి, కొందరు అయిదేసి ఫౌళ్లయి బయటికి పోగా చివరికి ఒక్కడే మిగిలాడనుకోండి. ఆట అక్కడితో ఆగిపోతుంది, ఆ జట్టు ఓడినట్టే. కాని వాళ్లకు కూడా 1 పాయింటు వేస్తారు. వచ్చి ఒక్కడు మిగిలేదాకా ఆడినవాళ్లకూ, యింట్లో కూచున్నవాళ్లకూ తేడా వుండాలని యీ నిబంధన రాసినవారెవరో బాగా ఆలోచించారు. మన కబడ్డీలోనూ ఖోఖోలోనూ గెలుపోటముల లెక్కలు నాకు తెలిసినవే. యింత దయగల లెక్క మాత్రం యిక్కడే చూశాను.

నా మాట కూడా చెబుతాను. నాకు పందొమ్మిదేళ్లప్పుడు మా జట్టు కూడా యిలాగే ఓడుతూ వచ్చి ఆఖరి ఆటకు వెళ్లలేదు. ఆ సాయంకాలం అందరం సినిమాకు పోయాం. అవతలి జట్టువాళ్లు మాహిమ్‌నుంచి రెండు బస్సులు మారి వచ్చి, బూట్లు కట్టుకుని, చాలాసేపు ఖాళీ నేలమీద బంతి కొట్టుకుని తిరిగి పోయారట. మరుసటి యేడు మా పేరు రాసుకోవడానికి వెళితే వారు "మీరు వస్తారన్న నమ్మకం యేమిటి?" అని అడిగారు. సమాధానం చెప్పలేకపోయాం. ఆ సినిమా పేరు యిప్పుడు గుర్తు లేదు.

దానికి యెదురు సంగతి ఒకటి వుంది. 1980లో మాస్కో ఒలింపిక్ పోటీలకు చాలా దేశాలు వెళ్లకపోవడంతో మన దేశపు బాస్కెట్‌బాల్ జట్టుకు పిలుపు వచ్చింది. అంతకుముందు అయిదేళ్ల కిందటే, 1975లో, బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా పోటీల్లో మనవారు నాలుగో స్థానం తెచ్చుకున్నారు. కనుక ఆట రానివారేమీ కాదు. కాని మాస్కోలో ఆటగాళ్ల యెత్తు వేరు, బలం వేరు. సోవియట్ జట్టు చేతిలో 121-65 తో ఓడారు. ఆ తరువాత బ్రెజిల్, చెకొస్లొవేకియా... ఏడు ఆటలాడి ఏడూ ఓడి, పన్నెండు జట్లలో పన్నెండోవారయ్యారు. మూడో ఓటమితోనే పతకం మాట పోయింది. అయినా మిగిలిన నాలుగు ఆటలకూ బూట్లు కట్టుకుని వెళ్లారు. బాస్కెట్‌బాల్‌లో మన దేశం ఒలింపిక్ గడప తొక్కింది ఆ ఒక్కసారే. ఆ ఏడు ఆటల లెక్కలూ రికార్డుల్లో వున్నాయి. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు యింటికి పోయి ఏడ్చాడని మనకు సామెత వుంది. అది వ్యాజ్యాల కోర్టు. యీ కోర్టుకు వెళ్లకుండా యింట్లో ఏడవడం మాత్రం యే లెక్కలోకీ రాదు.

నాలుగోవాడు చెప్పిన అమెరికా సంగతి నిజమే. వాడు చెప్పనిది కూడా కొంత వుంది.

అక్కడ యేటేటా కొత్త ఆటగాళ్లను జట్లు వరసగా యెన్నుకుంటాయి. బలహీనుడికి ముందు వంతు. మన పంజాబు కుర్రవాడు సత్నాం సింగ్‌ను 2015లో డాలస్ జట్టు 52వ వంతులో తీసుకున్నది యీ పద్ధతిలోనే. ధర్మం మంచిదే. కాని ధర్మం వున్నచోట దాన్ని తిప్పుకునేవాడు కూడా వుంటాడు. ఆఖరి జట్టుకు మొదటి వంతు అన్నాక, ఆఖరున వుండడానికి పోటీ మొదలైంది. అంచేత 1985లో లాటరీ పెట్టారు. 2019లో మళ్లీ మార్చి, అట్టడుగు మూడు జట్లకూ మొదటి వంతు తగిలే అవకాశం సమానంగా నూటికి 14 చేశారు. మరీ అడుగుకు పోయినందువల్ల అదనపు లాభం వుండకూడదని. ఫిలడెల్ఫియా జట్టువారు 2013 మొదలు మూడేళ్లలో 246 ఆటలాడి 47 మాత్రమే గెలిచారు. ఆ పేరుమీద గొప్ప ఆటగాళ్లను తెచ్చుకున్నారు కూడా. అయినా 2025 దాకా ఆఖరి పోటీల్లో రెండో మెట్టు దాటలేకపోయారు.

యిదే డాలస్ జట్టు 2023లో యింకా ముందుకు పోయింది. తమ వంతు మొదటి పదిలో పడకపోతే న్యూయార్క్‌వారికి యిచ్చుకోవలసిన పరిస్థితి. అప్పుడు వాళ్లకు రెండే ఆటలు మిగిలాయి, పైకి పోయే ఆశ కూడా పూర్తిగా పోలేదు. అయినా ఏప్రిల్ 7న షికాగోతో జరిగిన ఆటలో మంచి ఆటగాళ్లను కూచోబెట్టి ఓడారు. లీగువారు విచారించి ఏడున్నర లక్షల డాలర్ల జుర్మానా వేశారు. యిక్కడితో ఆపితే నీతికథలా వుంటుంది. కాని నిజం పూర్తిగా చెప్పాలి. డాలస్‌వారు ఆ వంతు దక్కించుకున్నారు, దాన్ని మార్చుకుని ఒక మంచి కుర్రవాణ్ణి తెచ్చుకున్నారు, మరుసటి యేడు 2024లో ఫైనలుకు కూడా వెళ్లారు. పాపం చేసినవాడికి ఫలితం వెంటనే తగలాలని యెక్కడా రాసి లేదు.

యిది విని మా నాలుగోవాడు కళ్లెగరేశాడు. నేనన్నాను: "ఓరీ, వాళ్లకు ఓడితే కొత్త ఆటగాడు వస్తాడు. నువ్వు ఓడితే యెవడొస్తాడు? మనకు వచ్చే యేడు ఆడవలసినవాళ్లు యెక్కడున్నారు?" వాడు చుట్టూ చూశాడు. పై మెట్టుమీద పల్లీలు తింటూ నలుగురు చిన్నవాళ్లు కూచుని వున్నారు. అంతే. మన జట్టుకు వంతులు లేవు, లాటరీ లేదు. మూడో అంతస్తులో యెవరింట్లో పిల్లవాడు పొడుగవుతున్నాడో వాడే మన కొత్త ఆటగాడు.

అందుచేత అసలు తగువు నాయకుడికీ మూడోవాడికీ మధ్యనే. పెద్దలాడి ఒక్కటి గెలవాలా, పిల్లల్ని ఆడించాలా?

నేను జట్టు లెక్కల పుస్తకం తెమ్మన్నాను. ఆరు ఆటలు, ఒక్కొక్కటి 40 నిమిషాలు, నేలమీద అయిదుగురు. అంటే మొత్తం 1200 నిమిషాల ఆట పంచుకోవలసి వుంది. అందులో పై మెట్టుమీది నలుగురు పిల్లలకూ కలిపి దక్కింది 37 నిమిషాలు. ఆ 37 కూడా యెప్పుడు? ముప్ఫై పాయింట్లు వెనకబడ్డాక, ఆఖరి రెండు మూడు నిమిషాల్లో, "పోండ్రా, మీరు కూడా ఆడుకోండి" అని వదిలినవి. ఆ వేళకు అవతలివాళ్లు కూడా తమ మంచి ఆటగాళ్లను పిలిచేసి వుంటారు. కాచేవాడు లేడు, అడ్డేవాడు లేడు. పిల్లవాడు దొరికిన బంతిని దొరికినచోటనుంచి విసురుతాడు. పడితే చప్పట్లు, పడకపోతే నవ్వులు. అందులో నేర్చుకునేది ఏమీ లేదు. తేలిపోయిన ఆటలో పిల్లల్ని దింపడం వాళ్లకు అవకాశం యివ్వడం కిందికి రాదని నా అభిప్రాయం. పెళ్లి భోజనాల్లో పాత్రలు కడిగే వేళకు పిలిచి వడ్డించినట్టు వుంటుంది.

దింపితే మొదట్లోనే దింపాలి, అవతలివాడు నిజంగా ఆడుతున్నప్పుడు. కాని నలుగురినీ ఒక్కసారి కాదు. నాయకుడు భయపడింది అందుకే, ఆ భయం సబబే. అయిదుగురు పిల్లల్ని ఒకేసారి దింపితే పది నిమిషాల్లో 25-2 అవుతుంది. వాళ్లలో ఇద్దరు మళ్లీ బంతి ముట్టుకోరు. ముగ్గురు పెద్దలు, ఇద్దరు పిల్లలు. పెద్దవాళ్లలో ఒకడు తప్పక బంతి నడిపించేవాడై వుండాలి, ఒకడు బుట్ట కింద నిలబడే బలశాలి కావాలి. పధ్నాలుగేళ్ల వాణ్ణి తీసుకుపోయి బుట్ట కింద తొంభై కిలోల మనిషికి అడ్డంగా నిలబెట్టకూడదు. మోచెయ్యి తగిలి పన్ను వూడితే వాళ్లమ్మకు సమాధానం చెప్పవలసింది మనమే.

యింకొకటి. దింపినవాణ్ణి ఒక తప్పు చెయ్యగానే వెనక్కు పిలవవద్దు. యిది మన పెద్దలందరికీ వున్న జబ్బు. బంతి అందుకున్న జట్టు 8 సెకన్లలో దాన్ని సగం గీత దాటించాలి. అవతలివాళ్లు మీదపడి అడ్డుతుంటే పిల్లవాడి చేతిలోనుంచి బంతి పోతుంది. తప్పకుండా పోతుంది. ఒకటి పోతుంది, రెండు పోతాయి. మూడోసారి వాడు తలెత్తి చూసి, దూరంగా చెయ్యెత్తిన అన్నకు బంతి వేస్తాడు. మనం రెండోసారికే "వాపస్ రా!" అని కేక వేస్తే ఆ మూడోసారి యెప్పుడూ రాదు. అందుకని దిగినవాడు కనీసం అయిదు నిమిషాలు లోపలే వుండాలని ఒప్పందం చేయించాను. గట్టుమీద నిలబడి కేకలు వేసే మేనమామలకూ పెద్దనాన్నలకూ కూడా ఒప్పందం పెట్టాలనుకున్నాను కాని, నా మాటే యెవరూ వినరేమోనని వూరుకున్నాను.

మరి గెలుపు మాట? గెలుపు చూసుకోవద్దని చెప్పలేను. ఆటలో దిగి గెలుపు చూసుకోనివాడు అబద్ధమాడుతున్నాడు. కాని ఆరు ఆటల్లో అయిదు ఓడినవాళ్లు పాయింట్లు చూసుకుంటే పదో నిమిషానికే నీరుగారిపోతారు. అందుచేత వేరే లెక్క రాయమన్నాను. ఆట నాలుగు ముక్కలు గదా, ఒక్కొక్కటి పది నిమిషాలు. ప్రతి ముక్కకూ మళ్లీ 0-0 నుంచి రాయండి. పక్కన రెండు గళ్లు గీయండి. బంతి వూరికే పోగొట్టుకున్నది యెన్నిసార్లు? బుట్టకు తగిలి తిరిగొచ్చిన బంతిని పట్టినవి యెన్ని? యీ రెండూ పొడుగుతో, అదృష్టంతో వచ్చేవి కావు. బుద్ధి పెడితే బాగుపడేవి. పోయిన ఆటలో మనవాళ్లు బంతిని 31 సార్లు పోగొట్టుకున్నారు. ముప్ఫైసార్లు చెయ్యి జారినవాడు పదిహేను పాయింట్లతో ఓడాడంటే, చెయ్యి జారకపోతే ఏమయ్యేదో వాళ్లే లెక్క వేసుకున్నారు.

పెద్దవాళ్లు కూడా యీ మూడు ఆటల్లో నేర్చుకోవలసింది వుంది. మా నాయకుడు దొరికిన ప్రతి బంతీ తానే వేస్తాడు. బాగా వేస్తాడు గనుకనే మిగిలినవాళ్లకు నడుం కదిలించే అలవాటు పోయింది. గెలవవలసిన ఆటలో వాడికి యిది చెబితే వినడు. పోయిన ఆటల్లోనే వినగలడు.

యిక్కడొక ధర్మసంకటం కూడా వచ్చిపడింది. మిగిలిన మూడింటిలో రెండోది, రెండో స్థానానికి పోటీపడుతున్న జట్టుతో. అదే స్థానానికి యింకో జట్టు కూడా కాచుకుని వుంది. ఆ యింకో జట్టుమీద మనవాళ్లు పెద్దలందరితో ఆడి, కేవలం నాలుగు పాయింట్లతో ఓడారు. యిప్పుడు వీళ్లమీద పిల్లల్ని వదిలితే వాళ్లు ఊరుకుంటారా? "మామీద పులులైనారు, వాళ్లకు పళ్లెంలో పెట్టి యిచ్చినారు" అనరా? మన ఆట మన యిష్టం అనుకోవడానికి లేదు. లీగు అంటే పదిమంది కలిసి వేసుకున్న పందిరి. మన గుంజ మనం పీక్కుంటే పందిరంతా వంగుతుంది. కనుక ఆ ఒక్క ఆటకు పెద్దలే యెక్కువసేపు వుండాలి, పిల్లలు ఒక్కొక్కడే విడివిడిగా దిగాలి అన్నాను. దీనికి మాత్రం నాయకుడు వెంటనే ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాడు గాని మొహం వాడిపోయింది. కారణం అప్పుడు తెలిసింది నాకు. వాడికి యిరవైనాలుగేళ్లు. పూణేలో వుద్యోగం వచ్చింది, రాత్రి డ్యూటీ. వాడి యిల్లుకూడా ఖాళీ చేస్తున్నారు. అమ్మానాన్నా కల్యాణ్ వెళుతున్నారు. కామాటిపురా పునర్నిర్మాణం మాట మొదలయ్యాక మన గల్లీల్లో యిలా ఒక్కొక్క ఖోలీకీ తాళం పడుతోంది. అయిదుగురు పెద్దల్లో వచ్చే యేడు యిక్కడ వుండేది ఇద్దరో ముగ్గురో. వాడికి యివి జట్టు ఆఖరి ఆటలు కావు, వాడి ఆఖరి ఆటలు. పన్నెండేళ్లుగా యీ గట్టుమీద కూచుని, దిగి, మోకాలు చీరుకుని, నాయకుడైనవాణ్ణి, "తప్పుకో, పిల్లలు ఆడాలి" అంటున్నాను నేను! అరక్షణం నాకు నోట మాట రాలేదు.

యీ సంగతి యే జట్టులోనైనా వుంటుంది. పిల్లల్ని ఆడించాలన్న వుత్సాహంలో, వెళ్లిపోయేవాణ్ణి మరచిపోతాం. కనుక వాడితో విడిగా మాట్లాడాను. మూడు ఆటలకూ మొదటి అయిదుగురిలో నువ్వుంటావు. ఆఖరి ఆట ఆఖరి అయిదు నిమిషాలూ నువ్వే నేలమీద వుంటావు. మధ్యలో కూచున్నప్పుడు లెక్కల పుస్తకం నీ చేతిలో వుంటుంది, యెవణ్ణి యెప్పుడు దింపాలో నువ్వే చెబుతావు. యెందుకంటే వచ్చే యేడు అది చెప్పేవాడు లేడు. నువ్వు పోయేలోగా ఒకడికి నేర్పి పోవాలి. వాడు చాలాసేపు బూటు లేసు విప్పి కట్టుకుంటూ కూచున్నాడు. తరువాత, "చిన్నోడికి యెడమ చేత్తో బంతి కొట్టుడు రాదు తాతా. ముందుగాల అది నేర్పాలె" అన్నాడు.

మొదటి ఆట ఆ తరువాతి శనివారం జరిగింది. నేను వెళ్లాను. రెండో ముక్కలో ఇద్దరు పిల్లలు దిగారు. మూడోవాడి తమ్ముడు మొదటి నిమిషంలోనే రెండుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. గట్టుమీదనుంచి వాడి అన్నే "వాపస్ పిలువుండ్రి!" అని అరిచాడు, నాయకుడు పుస్తకంలోనుంచి తల యెత్తలేదు. ఆ పది నిమిషాలూ 9-14. తరువాతి పది 12-13. మొత్తంమీద 11 పాయింట్లతో ఓడారు. ఒక పిల్లవాడికి రెండు ఫ్రీత్రోలు వచ్చాయి. మొదటిది బుట్టకు తగలనైనా లేదు. రెండోది వేసేముందు వాడు నిక్కరుకు చెయ్యి తుడుచుకుని చాలాసేపు చూశాడు. రిఫరీ 5 సెకన్లు లెక్కపెడుతుంటే మాకు గుండె ఆగినంత పనైంది. బంతి యినప వలయం చుట్టూ తిరిగి లోపల పడింది. బంతి పోగొట్టుకున్న గడిలో 31 కి బదులు 24 రాసుకుని వచ్చారు.

యీ సంచిక మీ చేతికి వచ్చేసరికి మిగిలిన రెండు ఆటలూ అయిపోయి వుంటాయి. పుస్తకం యిప్పుడు నా దగ్గరే వుంది. నాయకుడు పూణేకు సామాను కట్టుకుంటూ యిచ్చి పోయాడు. ఆఖరి ఆట నాటికి సెలవు పెట్టి వస్తానన్నాడు, పొద్దున్న బండికి. వాడి పేరు పన్నెండుమంది పట్టీలో మొదట రాసి వుంచాను.